చెక్కేసిన ముఖం

మా నాన్నకు చచ్చిపోయినవాళ్లంటే మహా ప్రేమ. వాళ్లు పద్దెనిమిది వందల ఏళ్ల కిందట రోమ్‌లో ఒకరినొకరు పొడుచుకుని చచ్చి ఉంటే మరీ ప్రేమ. బతికున్నవాళ్లతోనే ఆయనకు పేచీ.

ఆ నాణెం మా ఇంటికి వచ్చింది వానలు మొదలైన వారంలో. నాన్న పళ్ల డాక్టరు. వీధివైపు రెండు గదులు ఆస్పత్రి, వెనకాల మా కాపురం, రెంటికీ మధ్య కిటికీ లేని ఇరుకు గదిలో నా పని. నాన్న పేషెంట్ల నోట్లోంచి అచ్చు తీసి పంపితే, అందులో ప్లాస్టర్ పోసి, ఆ ప్లాస్టర్ దవడ మీద కట్టుడు పళ్లు కూర్చేది నేను. ఊళ్లో సగంమంది ముసలివాళ్లు నవ్వేది నేను చేసిన పళ్లతోనే. నాకు మాత్రం ఆ ఏడు నవ్వే పని పడలేదు.

పార్సిల్ వచ్చేసరికి దర్జీ నోరు బార్లా తెరుచుకుని కుర్చీలో పడుకుని ఉన్నాడు. నాన్న అతని దవడలో ఇంత దూది కుక్కి, "ఒక్క నిమిషం, కదలకండి" అని, చేతులు కడుక్కుని పార్సిల్ విప్పడం మొదలుపెట్టాడు. అట్ట, దూది, మళ్లీ అట్ట, చివరికి పచ్చటి పొర పట్టిన పెద్ద కంచు నాణెం. మనుషుల పళ్ల మీద గార కనిపిస్తే చిరాకుపడే మనిషి, నాణెం మీది పొరను మాత్రం పసిబిడ్డ మాడును తాకినట్టు తాకుతాడు.

నేను గుమ్మంలోంచి చూశాను. దాని మీద రెండు ముఖాలు ఎదురెదురుగా ఉండాలి. ఎడమవైపు ముఖం ఉంది, కనుబొమలు ముడిచి, ఎవరినో కొట్టబోతున్నట్టు. కుడివైపు ముఖం లేదు. అక్కడ ఉలితో చెక్కేసిన గీతలు ఉన్నాయి.

"చూశారా!" అన్నాడు నాన్న దర్జీతో. "ఇదిగో, వీడు అన్న. కారకల్లా అంటారు. అది వీడి పేరు కాదండీ, వేసుకునే అంగీ పేరు. ఎదురుగా ఉండాల్సినవాడు తమ్ముడు, గెటా. తండ్రి పోతూ పోతూ, ఇద్దరూ కలిసి ఏలుకోండిరా అని చెప్పి పోయాడు. ఏడాది తిరక్కుండా అన్న తమ్ముణ్ని చంపించాడు. ఎక్కడనుకున్నారు? తల్లి ఒళ్లో! అడ్డం పెట్టిందని ఆవిడ చెయ్యి కూడా తెగింది. అంతటితో ఊరుకున్నాడా? తమ్ముడి పేరు ఎక్కడా కనపడకూడదన్నాడు. రాళ్ల మీద చెక్కేశారు, పటాల మీద చెరిపేశారు, ఇదిగో, నాణేల మీద కూడా. ఆ పేరు పలికితే తల తీసేసేవాళ్లు. పాపం కదండీ?"

దర్జీ "ఆ, ఆ" అన్నాడు. నోట్లో దూది ఉన్నవాడు ఇంకేమంటాడు?

ఆ "పాపం" అన్న మాట దగ్గర నా ఒళ్లు మండిపోయింది. చేతిలో ఉన్న ప్లాస్టర్ గిన్నెను గోడకేసి కొట్టాను. అది రబ్బరు గిన్నె. పగలకపోగా గెంతుకుంటూ వచ్చి నా కాళ్ల దగ్గరే పడింది. కోపం తీర్చుకోవడానికి కూడా పెట్టి పుట్టాలి.

నాకంత మంట ఎందుకంటే, మా ఇంట్లో కూడా పలకకూడని పేరు ఒకటుంది. మా అక్క పేరు.

అక్క కూడా పళ్ల డాక్టరే. నాన్న కుర్చీ పక్కనే రెండో కుర్చీ అక్కది. ఆ వేసవి చివర ఓ టీచరమ్మకు నాన్న పుచ్చిన పన్ను వదిలేసి పక్కనున్న మంచి పన్ను పీకేశాడు. పొరపాటు ఎవరికైనా జరుగుతుంది. కానీ ఆయన "అదీ పుచ్చిందేనమ్మా, ఒక పనైపోయింది" అని బుకాయించి పంపేశాడు. నొప్పి తగ్గక ఆవిడ మళ్లీ వస్తే అక్క చూసింది. చూసి, బల్ల మీద కూర్చున్న పేషెంట్లందరూ వింటుండగా, "మా వల్ల తప్పు జరిగిందండీ. పుచ్చింది ఇంకా మీ నోట్లోనే ఉంది. క్షమించండి" అంది. అంతే, అంతకంటే ఒక్క ముక్క ఎక్కువ అనలేదు. మొగుడు కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందట ఒకావిడ. మా నాన్న బాధా అదే. పన్ను పోయినందుకు కాదు, నలుగురూ విన్నందుకు.

ఆ సాయంత్రమే అక్కను వెళ్లగొట్టాడు. బోర్డు మీద పేరుకు తెల్లరంగు పూయించాడు. గోడ మీద ఫొటోలు దింపించాడు. రెండో కుర్చీని సెలూన్ అతనికి అమ్మేశాడు. నా అక్క కూర్చోబెట్టి పళ్లు బాగుచేసిన కుర్చీలో ఇప్పుడు ఊరంతా కూర్చుని గడ్డాలు గీయించుకుంటోంది. "ఆ పేరు ఈ ఇంట్లో వినపడిందా, ఇంట్లో ఉండేది నేనో మీరో తేల్చుకోండి" అన్నాడు. తేల్చుకుందాం రండి అందామనే నా నోటిదాకా వచ్చింది. అమ్మ నా చెయ్యి పట్టుకుని నొక్కింది.

నోట్లో వేలు పెట్టినా కొరకదంటారే, మా అమ్మ అచ్చం అలాంటి మనిషి. పళ్ల డాక్టరు భార్యకు అది సుగుణమేనేమో గానీ నాకు మాత్రం అరికాలి మంట నెత్తికెక్కేది. అక్క వేరే ఊళ్లో ఎవరి ఆస్పత్రిలోనో జీతానికి కుదిరింది. ఎవరూ లేనప్పుడు నాతో ఫోన్లో మాట్లాడేది. అమ్మకు ఆ సంగతి తెలుసు. తెలిసీ పేరెత్తేది కాదు. రోజూ నా గదిలోకి వచ్చి, అక్కర్లేని గుడ్డతో అక్కర్లేని దుమ్ము తుడుస్తూ అడిగేది.

"అక్కడ వానలెలా ఉన్నాయట?"

"బాగానే ఉన్నాయట."

"తడవడం లేదు కదా?"

"గొడుగు కొనుక్కుందట."

"వేళకింత తినమను" అనేసి, మరుక్షణం తను అన్న మాటకు తనే జడిసి, గుమ్మంవైపు చూసేది. ఆ చూపు చూస్తే నాకు నాన్న మీద వచ్చే కోపంలో సగం అమ్మ మీదికి మళ్లేది. ఇంతగా భయపడితే తొక్కక ఏం చేస్తారు ఎవరైనా?

*

ముసురు పట్టి ఎండ మొహం చూసి చాలా రోజులైన ఒక మధ్యాహ్నం అక్క ఫోన్ చేసింది. ఎప్పుడూ "ఏమే, ఎన్ని దవడలు చేశావ్ ఈ వారం?" అని మొదలెట్టే మనిషి, ఆ రోజు నేరుగా విషయంలోకి వచ్చింది.

"ఒసే, నా కుడిచెయ్యి బాగాలేదే."

"ఏమైంది?"

"రెండు వేళ్లు మొద్దుబారిపోయాయి. మొదట్లో పని ఎక్కువై అనుకున్నా. మొన్న పేషెంటు నోట్లో ఉండగా పరికరం జారిపోయింది. ఏం కాలేదులే, పట్టేసుకున్నా. స్కాన్ చేస్తే మణికట్టు దగ్గర నరం మీద గడ్డ ఉందన్నారు. తియ్యాలట."

"తీస్తే తగ్గుతుందా?"

"నరం దెబ్బతినకుండా తీస్తే తగ్గుతుంది. దెబ్బతింటే..." అని ఆగి, నవ్వబోయింది. "దెబ్బతింటే ఎడంచేత్తో బోర్డులు రాసుకుంటా."

పళ్ల డాక్టరుకు కుడిచేతి వేళ్లు పోతే ఇంకేం మిగులుతుంది?

"సోమవారం ఆపరేషన్" అంది అక్క. "నాకేం భయం లేదు. కానీ... అమ్మను తీసుకురాగలవా? ఒక్క రోజు. బల్ల మీదికి ఎక్కించేముందు ఒక్కసారి చూస్తే చాలు. కుదరకపోతే వద్దులే, గొడవలు పెట్టకు."

గొడవలు పెట్టకట! గొడవంతా తన మీద పడి, వేళ్లు కూడా పోయే దశలో ఉండి, మళ్లీ ఈ ఇంటి ప్రశాంతతకు కాపలా కాస్తోంది. ఫోన్ పెట్టేశాక కాసేపు ఆ చీకటి గదిలో కూర్చున్నాను. తర్వాత అమ్మ దగ్గరికి వెళ్లాను. వంటింట్లో బియ్యం ఏరుతోంది.

"అక్కడ వానలు బాగాలేవమ్మా" అన్నాను.

అమ్మ చేతులు ఆగిపోయాయి. అంతా చెప్పాను. విన్నది. చేట పక్కన పెట్టింది, మళ్లీ తీసుకుంది, మళ్లీ పెట్టింది.

"ఏ చెయ్యన్నావ్?"

"కుడిచెయ్యి."

"నాన్నను అడుగు" అంది.

"నువ్వడుగు."

"నేనడిగితే ఆయన..." అని ఊరుకుంది. "నీ బిడ్డమ్మా అది! పక్కింటివాళ్ల పిల్ల కాదు!" అని గట్టిగా అరిచేశాను. అమ్మ చెయ్యి నా నోటిమీదికి వచ్చింది, పసిపిల్ల నోరు మూసినట్టు. ఆ చేతికి బియ్యపు పిండి వాసన. ఆ చేతిని తోసేసి వెళ్లిపోయాను.

*

నాన్న తన గదిలో దీపం కింద భూతద్దం పెట్టుకుని కూర్చున్నాడు. ఎదురుగా మఖమల్ గుడ్డ పరిచిన అర, అందులో వరుసగా వెండి చక్రవర్తులు. గోడలు కట్టించినవాడు, నగరం తగలబడితే పాట పాడాడని పేరుపడ్డవాడు, యుద్ధాలు చేస్తూనే తత్వం రాసుకున్నవాడు. ఒక్కొక్కరి పుట్టుక, చావు, వాళ్ల పెళ్లాల పేర్లు, వాళ్లను పొడిచినవాళ్ల పేర్లు అన్నీ ఆయనకు నోటికి వచ్చు. పళ్ల సందుల్లో వాడే సన్నటి సూదితో కొత్త నాణెం అంచున మట్టి తీస్తున్నాడు, ఊపిరి బిగబట్టి.

"నాన్నా, అక్క చేతికి సోమవారం ఆపరేషన్" అన్నాను, ఉపోద్ఘాతం లేకుండా.

సూది ఆగలేదు. "ఎవరి చేతికి?"

"అక్క చేతికి. కుడిచెయ్యి. రెండు వేళ్లు పనిచేయడం లేదు. అమ్మను తీసుకెళ్తాను."

"నాకున్నది ఒక్కతే కూతురు. దాని చేతులు బాగానే ఉన్నాయి."

"నాన్నా!"

అప్పుడు తలెత్తాడు. భూతద్దంలోంచి ఆయన కన్ను ఇంత పెద్దదిగా కనిపించింది. "ఆ చేత్తోనే కదూ, నలుగురి ముందు నాకేసి వేలు చూపించింది?"

"వేలు కాదు, పన్ను చూపించింది. మీరు పీకకుండా వదిలేసిన పన్ను."

ఆయన ముఖం జేవురించింది. కొడతాడేమో అనుకున్నాను. కొడితే బాగుండుననీ అనుకున్నాను. తిరిగి నాలుగు అనడానికి నాకూ ఒక సాకు దొరికేది. కానీ మా నాన్న చెయ్యి చేసుకునే మనిషి కాదు. సూదిని గుడ్డతో తుడిచి, పెట్టెలో పెట్టి, చాలా మామూలుగా అన్నాడు.

"మీ అమ్మ ఈ ఇంట్లోంచి కదలదు. కదిలితే అటే ఉండిపొమ్మను. ఆదివారం మా నాణేల మిత్రులంతా వస్తున్నారు, ఈ నాణెం చూడటానికి. తలా ఒక అచ్చు ఇస్తానన్నాను. పళ్ల పని ఉంటే పక్కన పెట్టి ముందు ఇది చెయ్యి. ముట్టుకునేటప్పుడు జాగ్రత్త."

తా పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. ఆ నాణెం తీసుకెళ్లి బావిలో పారేస్తే ఏమవుతుందని ఆ పూటంతా ఆలోచించాను. కానీ నాణెం ఏం చేసింది? అది కూడా దెబ్బలు తిన్నదే.

*

నాణేల పిచ్చివాళ్లకు అచ్చులంటే ఎందుకంత ఇష్టమో బయటివాళ్లకు తెలియదు. కంచు మీద పచ్చ, నలుపు, ఎరుపు మచ్చలు కలిసి కంటిని మోసం చేస్తాయి. ఫొటో తీసినా అంతే. అదే అచ్చు తీసి తెల్లటి ప్లాస్టర్ పోస్తే రంగులన్నీ పోయి ఎత్తుపల్లాలు మాత్రమే మిగులుతాయి. పక్కనుంచి వెలుగు పడితే చాలు, ఉన్నదున్నట్టు కనిపిస్తుంది. మా నాన్నకు పేరొచ్చింది అందుకే. మిగతావాళ్లెవరికీ పళ్ల అచ్చులు తీసే సరంజామా లేదు, కట్టుడు పళ్లు చేసే కూతురు లేదు.

శనివారం ఆ పని పెట్టుకున్నాను. మెత్తటి రబ్బరు ముద్ద కలిపి నాణెం మీద అద్ది, గట్టిపడ్డాక ఒలిచి, దంతాలకు వాడే సన్నరకం ప్లాస్టర్ పోశాను. కోపంలో చేసినా పని పనిలాగే చేశాను. నా చేతులకు నా కోపంతో సంబంధం లేదు. అచ్చుల్ని ఆరబెట్టడానికి వంటింటి కిటికీ గట్టు మీద వరుసగా పేర్చాను, మా ఇంట్లో వెలుతురొచ్చే చోటు అదొక్కటే కాబట్టి.

కాసేపటికి అమ్మ పిలిచింది.

"ఇలా రా ఒకసారి. ఈ పక్కనున్నది ఎవరు?"

"ఏ పక్కన? అక్కడెవరూ లేరమ్మా, చెక్కేశారు" అంటూ వెళ్లాను. వెళ్లి చూసి నిలబడిపోయాను.

వాన తెరిపిచ్చి, పల్చటి వెలుగు వాలుగా పడుతోంది. తెల్లటి ప్లాస్టర్‌లో, ఉలిగీతల అడుగున, ఒక మనిషి ఉన్నాడు. ముక్కు, కన్ను పోయాయి. కానీ మెడ వంపు ఉంది. గడ్డం అంచు ఉంది. చెవి వెనక జుట్టు ఉంగరాలు ఉన్నాయి. చెక్కినవాడు ఎత్తుగా ఉన్నదాన్నే చెక్కగలిగాడు గానీ పల్లంలో ఉన్నది వాడి ఉలికి అందలేదు. కంచు మీద ఆ పచ్చ మరకల్లో ఇదేదీ మాకు కనపడలేదు, నాన్న భూతద్దానికి కూడా. ఒక అచ్చులోనే అనుకుంటే కాదు, అన్నింట్లోనూ ఉన్నాడు.

"కుర్రవాడే, పాపం" అంది అమ్మ. ఆవిడ అన్న "పాపం" వేరు.

కథంతా చెప్పాను. దర్జీకి నాన్న చెప్పింది, చెప్పనిది కూడా.

"మరి ఆ తల్లి?" అంది అమ్మ. "ఆవిడేం చేసింది?"

"ఏం చేస్తుంది? ఏడవకూడదని ఆజ్ఞ. నలుగురిలో దిగులుగా కనపడినా ఒప్పుకునేవాడు కాదట. పెద్దవాడి ఎదుట నవ్వుతూ తిరగాల్సొచ్చిందట."

"నవ్విందా?"

"నవ్విందట."

అమ్మ చాలాసేపు ఆ అచ్చుకేసి చూసింది. తడి చేతిని చీరకు తుడుచుకుని, వేలి కొసతో ఆ మెడ వంపు మీద రాసింది. తర్వాత "ఛీ" అంది.

మా అమ్మ నోట ఆ మాట అంత గట్టిగా నేనెప్పుడూ వినలేదు. ఎవరిని అందో అడగలేదు. ఆ రాత్రి వంట మామూలుగానే చేసింది.

*

ఆదివారం మధ్యాహ్నం నాన్న మిత్రబృందం వచ్చింది. వాచీల మేస్త్రి, రిటైరైన హిస్టరీ మాస్టారు, కొత్తగా చేరిన ఇన్సూరెన్స్ ఏజెంటు, ఇంకా ఒకరిద్దరు. గొడుగులు వసారాలో ఆరేసి, ముందుగదిలో పేషెంట్లు కూర్చునే బల్లల మీదే కూర్చున్నారు. నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని, నాణేన్ని మఖమల్ గుడ్డ మీద పెట్టి, దాని పక్కన అచ్చులు పేర్చాడు. పొద్దున్న ఆ అచ్చుల్లో ముఖం జాడ చూసినప్పుడు ఆయన సంబరం చెప్పనలవి కాదు. ఇల్లంతా తిరిగాడు. నా భుజం తట్టాడు. ఆ చెయ్యి దులిపేసుకున్నాను, ఆయన గమనించలేదు.

మళ్లీ అదే కథ చెప్పాడు, ఈసారి ఇంకా బాగా. మా నాన్న కథ చెబితే కాదనలేం, కోపంతో ఉన్న నేను కూడా చెవొగ్గాను. తండ్రి చావు, అన్న పగ, తల్లి ఒళ్లో రక్తం. వాచీల మేస్త్రి నాలుక చప్పరించాడు.

"ఇప్పుడీ అచ్చు చూడండి" అన్నాడు నాన్న, దీపం పక్కకు జరిపి. "ఇటువైపు. కనిపిస్తున్నాడా?"

అందరూ ఒక్కసారి "అబ్బ" అన్నారు.

"అదీ! భూమండలమంతా ఏలిన చక్రవర్తి. చేతికింద అంత సైన్యం. ఒక్క మనిషిని చెరిపేద్దామనుకుని చెరపలేకపోయాడు! మామూలు నాణెమైతే మనం ఇటు చూసి అటు పడేసేవాళ్లం. చెక్కబట్టే కదా, ఇవాళ మనందరం వీడికేసే చూస్తున్నాం? ఎంత మూర్ఖుడండీ వాడు!"

నేను గుమ్మానికి ఆనుకుని నిలబడి ఉన్నాను. పళ్లు కొరుక్కుంటూ ఉంటే దవడలు నొప్పెట్టాయి. ఈయనకు నిజంగానే వినపడటం లేదా? తన నోట్లోంచి వస్తున్నదేమిటో తన చెవికి చేరడం లేదా? నటిస్తున్నాడేమోనని ఆ ముఖంలో వెతికాను. నటన లేదు. ఒట్టి సంతోషం. అది చూశాక నా కోపానికి అంతు లేకుండా పోయింది.

అప్పుడు అమ్మ టీ గ్లాసుల పళ్లెంతో వచ్చింది. ఇన్సూరెన్స్ ఆయన అచ్చును వెలుగులో తిప్పుతూ, "మరి ఆ తల్లి ఏం చెయ్యలేకపోయిందా డాక్టరుగారూ?" అని అడిగాడు.

"ఏం చేస్తుందండీ?" అన్నాడు నాన్న. "ఆడమనిషి. రాజేమో సొంత కొడుకు. ఆవిడకు ఇంకెవరు దిక్కు?"

"దిక్కుతో ఏం పని?" అంది అమ్మ. "కాళ్లున్నాయి కదా?"

ఎవరో నవ్వారు, అమ్మ హాస్యమాడిందనుకుని. అమ్మ పళ్లెం బల్ల మీద పెట్టింది. ఒక్కొక్కరికీ గ్లాసు అందించింది, ఆఖరున నాన్నకు కూడా. పైటచెంగుతో చేతులు తుడుచుకుంది.

"ఇంకో విడత టీ పొయ్యి మీద ఉంది. కావాలంటే మీరే పోసుకోండి. మా పెద్దమ్మాయి చేతికి రేపు ఆపరేషన్. నేను దాని దగ్గరికి వెళ్తున్నాను" అంది.

అని, రోజూ పిలిచే పేరు చెప్పినంత తేలిగ్గా, అక్క పేరు చెప్పింది.

వాచీల మేస్త్రి గ్లాసులోకి చూశాడు. హిస్టరీ మాస్టారు కళ్లజోడు తీసి తుడవడం మొదలుపెట్టాడు. వాళ్లిద్దరికీ అక్క చిన్నప్పట్నించీ తెలుసు. ఆ వానాకాలమంతా ఒక్కసారైనా "పెద్దమ్మాయి ఏదీ?" అని అడగలేదు ఒక్కరూ. డాక్టరుగారికి నచ్చదని. పెద్దమనుషులు! ఏమీ తెలియనివాడు ఇన్సూరెన్స్ ఆయన ఒక్కడే.

"అదేంటి డాక్టరుగారూ, మీకు ఇంకో అమ్మాయి ఉందా?" అన్నాడు.

నాన్న నోరు తెరిచాడు. ఏదో ఒకటి అంటాడనుకున్నాను. ఉందనో, లేదనో. చీవాట్లయినా పెడతాడనుకున్నాను. ఆయన నాణేన్ని రెండు వేళ్లతో అంచులు పట్టుకుని ఎత్తి, జాగ్రత్తగా తిరగేసి, మళ్లీ గుడ్డ మీద పెట్టాడు.

"ఇటు చూడండి. దీని వెనకవైపు దేవత బొమ్మ ఉంది" అన్నాడు.

నేను లోపలికి పోయి గొడుగు తీసుకున్నాను. అమ్మ సంచి అప్పటికే సర్ది తలుపు వెనక పెట్టి ఉంది. ఎప్పుడు సర్దిందో నాకు తెలియదు.

*

మర్నాడు పొద్దున అక్కకు ఆకుపచ్చ గౌను వేసి చక్రాల మంచం మీద పడుకోబెట్టారు. కుడిచేతికి ముంజేతిదాకా ఎర్రమందు పూశారు. మమ్మల్ని వసారా మొదట్లోనే నర్సు ఆపేసింది. "ఒక్కరే" అంటే అమ్మను ముందుకు తోశాను. వెనకాలే నేనూ వెళ్లాను. ఆ నర్సు నా ముఖం చూసి దారిచ్చింది.

అక్క అమ్మను చూసి లేవబోయింది. చిక్కిపోయింది. అన్ని మాటలు వచ్చిన మనిషి, ఎవరికీ జంకని మనిషి, కళ్లు విప్పార్చుకుని అమ్మకేసి, అమ్మ వెనక ఖాళీగా ఉన్న వసారాకేసి చూసింది.

"నాన్న పంపించారా?" అంది.

ఆ గొంతులో ఆశ విన్నాను నేను. పేరుకు రంగు పూసినవాడి కోసం, కుర్చీ అమ్మేసినవాడి కోసం, ఇంకా ఆశ! ఆ వానాకాలమంతా నాకొచ్చిన కోపం ఒక ఎత్తు, ఆ క్షణాన వచ్చింది ఒక ఎత్తు. అవునని అబద్ధం చెబుతుందేమో అమ్మ, చెబితే అమ్మను కూడా జన్మలో క్షమించను అనుకున్నాను.

"లేదే" అంది అమ్మ. "ఆయన పంపలేదు. నేనే వచ్చాను."

అక్క ముఖం ఒక్క క్షణం చిన్నబోయింది. తర్వాత ఎడంచెయ్యి చాపి అమ్మ చీరకుచ్చెళ్లు పట్టుకుంది, చంటిపిల్లలా. "ఎప్పుడొచ్చారు? ఏమైనా తిన్నారా?" అంది. అమ్మ వంగి, ఆ ఎర్రమందు పూసిన వేళ్లను ముట్టుకోబోయి, ముట్టుకోకూడదని నర్సు అంటే ఆగిపోయి, నుదుటి మీద చెయ్యి వేసింది.

"టైమైందమ్మా, పక్కకు జరగండి" అంది నర్సు.

మంచం కదిలింది. చీరకుచ్చెళ్లు అక్క చేతిలోంచి జారిపోయాయి. అమ్మ నాలుగడుగులు వెంట నడిచి, దాటకూడదని నేల మీద గీసిన గీత దగ్గర ఆగి, అప్పుడు పిలిచింది అక్కను. ముద్దుపేరుతో కాదు, పుట్టినప్పుడు తను ఏరికోరి పెట్టుకున్న పూర్తి పేరుతో. వసారా ఆ చివర బల్ల మీద కూర్చున్నవాళ్లు కూడా తలలు తిప్పి చూశారు. మంచం మలుపు తిరుగుతుంటే ఇంకా గట్టిగా పిలిచింది. లోపల్నించి అక్క "ఆఁ, అమ్మా" అనడం వినపడింది.

నర్సు పరుగున వెనక్కి వచ్చింది. "ఇది ఆస్పత్రమ్మా! అలా అరవకూడదు!"

"అరుస్తాను" అంది అమ్మ.

మూసుకుపోతున్న తలుపుకేసి తిరిగి, గుండెల నిండా ఊపిరి పీల్చుకుని, మళ్లీ పిలిచింది.